కుడి కొమ్ము కొంచెం లోపలికి

ఆ రోజుల్లో మనిషి అసూయపడడానికి పెద్ద పెద్ద వస్తువులేమీ అక్కర్లేదు. పక్క టేబులు గుమాస్తా పెన్ను మూత బంగారు రంగులో మెరిస్తే చాలు, ఇవతలి గుమాస్తాకు ఆ పూట ఫైలు కదిలేది కాదు. ఒకాయన గడియారానికి కొత్త పట్టీ వేయించుకుంటే సెక్షన్ మొత్తం మణికట్లు దాచుకునేది. ఇప్పుడు నా ఈడువాళ్లు పొద్దున్నే పార్కు బెంచీల మీద కూర్చుని "మా కాలంలో అసూయలెక్కడివండీ, అందరం అన్నదమ్ముల్లా ఉండేవాళ్లం" అంటుంటే నేను నోరు మూసుకుని వింటాను. నాకూ ఆ మాట అనాలనే ఉంటుంది. కాని ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఒక్కరోజు వదలకుండా డైరీ రాసినవాడికి అలాంటి సుఖాలు దక్కవు. తన గురించి తాను ఒక మంచి మాట చెప్పుకోబోతే, అటక మీద నుంచి ఏదో ఒక సంవత్సరం దగ్గుతుంది.

పోయిన వారం ఒక కొలత కోసం అటువంటి ఒక సంవత్సరాన్ని అటక మీద నుంచి దించాను. అట్ట ఊడిపోయింది గాని లోపలి పేజీ భద్రంగా ఉంది. ఒక సైకిలు హ్యాండిలు బొమ్మ, దానికి రెండు చివర్లా రెండు కొమ్ములు, ఎర్ర సిరాతో కోణాలు, పక్కన సరిచూసినట్టు రెండు టిక్కులు. బొమ్మ కింద ఒక వాక్యం: "కుడి కొమ్ము కొంచెం లోపలికి. ఇందులోనే ఉంది రహస్యం." ఆ సైకిలు నాది కాదు. ఆ కొలత నేనెలా సంపాదించానో చెప్పుకోవడం నా తెల్ల జుట్టుకు గౌరవమూ కాదు. అయినా ముప్పై ఏళ్లు దాటిపోయింది కనుక చెబుతాను.

మా నాన్నగారు యాభై ఆరులో కర్నూలు నుంచి ఆఫీసు ఫైళ్లతో పాటు లారీలో హైదరాబాదు వచ్చినవారు. (ఫైళ్ల మీద టార్పాలిన్ కప్పారట, మా అమ్మ మీద కప్పలేదట. ఈ సంగతి ఆవిడ చివరిదాకా మరిచిపోలేదు.) ఆ వంశంలో పుట్టినందుకు నాకూ నాంపల్లిలోనే ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. ఏ కాగితం ఏ తేదీన ఎటు పోయిందో అడిగిందే తడవుగా చెప్పేవాణ్ని కనుక అందరూ నన్ను 'రిజిస్టర్' అనేవారు. ఎగతాళికే పెట్టినా నేను బిరుదుగానే స్వీకరించాను.

నా పక్క టేబులు వాణ్ని అందరూ 'సవారీ' అనేవారు. నల్లగొండ జిల్లా వాడు. నాగార్జునసాగర్ రోడ్డు మీద మాల్ దాటాక అతని ఊరు. ఎక్కడికయ్యా అంటే "సవారీ పోతున్న" అనేవాడు, పక్క సెక్షన్‌కు సంతకం కోసం వెళ్తున్నా సరే. మనిషి పొడుగు. ఎండాకాలం కూడా నిండు చేతుల చొక్కా. ఎడమ చేత్తో రాసేవాడు, ఎడమ చేత్తోనే టీ కప్పు ఎత్తేవాడు. నా డైరీలో అప్పటి పేజీ ఒకటి ఇలా ఉంది: "ఇవాళ కూడా సవారీ ఎడమ చేత్తో టీ. అంత ఠీవి దేనికి?" ఆఫీసులో ఎవరికి నవ్వు రావాలన్నా అతని టేబులు దగ్గరికి వెళ్లేవారు. తారీకు కావాలంటే నా దగ్గరికి వచ్చేవారు. నవ్వు కావలసినవాళ్లు రోజూ ఉంటారు, తారీకు కావలసినవాళ్లు నెలాఖరుకే ఉంటారని నేను కాస్త ఆలస్యంగా గ్రహించాను.

లావు టైర్లు, సోగ్గా వంగకుండా కర్రలా తిన్నగా ఉండే హ్యాండిలు, అటువంటి కొత్తరకం సైకిళ్లు అప్పుడే ఆబిడ్స్ షాపుల అద్దాల వెనక కనబడుతున్నాయి. మేమిద్దరం ఒకే నెలలో ఒకే రకం కొన్నాం. సరదాకు బాగానే ఉండేది. కాని దూరం తొక్కితే ఆ తిన్నని హ్యాండిలు మీద చేతులు ఒకే చోట పడి ఉండి అరచేతులు మండేవి. నేను ఆ మంటను తేదీల వారీగా డైరీలో రాసుకుంటూ ఉండగా, సవారీ ఒక సోమవారం పొద్దున కొమ్ములున్న సైకిలు మీద వచ్చాడు. కొమ్ములంటే హ్యాండిలు రెండు చివర్లకూ బిగించిన పొట్టి గొట్టాలు. కోడెదూడ కొమ్ముల్లా ముందుకు పొడుచుకుని ఉంటాయి. చేతులు నొప్పి పుట్టినప్పుడు గ్రిప్పు వదిలి వాటిని పట్టుకోవచ్చు, ఎత్తు ఎక్కేటప్పుడు వాటిని పట్టుకుని లేచి తొక్కవచ్చు. గ్రిప్పులు కూడా మారిపోయాయి. షాపు వాళ్లిచ్చిన గట్టి ప్లాస్టిక్కు పోయి, పాత ట్యూబు రబ్బరు మీద నూలు నవారు బిగించి చుట్టి ఉంది. చూస్తేనే అరచేయి వెళ్లి దాని మీద పడుకోవాలనిపించేట్టు ఉంది.

స్టాండు చుట్టూ జనం. "ఏడ చేపించినవన్నా?" అని ఒకరు, "జర పట్టుకొని చూడనియ్యి" అని ఒకరు. "నాంపల్లి స్టేషన్ పక్క గల్లీల ఉస్తాద్ ఉన్నడు. చెయ్యి పట్కొని చూసి చేస్తడు" అన్నాడు సవారీ. నేను కూడా వెళ్లి, ఏ మాత్రం ఆసక్తి లేనివాడిలా, "గాలికి అడ్డం కాదూ?" అన్నాను. "గాలికి గాదన్నా, నొప్పికి అడ్డం" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. (ఆ నవ్వు డైరీలో లేదు. "సవారీ కొమ్ములు. అనవసరపు హంగు" అని మాత్రమే ఉంది. అక్షరాలు కాగితం చిరిగేలా నొక్కి ఉన్నాయి.)

అంతటితో పోయేదేమో. కాని ఆ నెలలోనే మూడు సెలవులు వరసగా వచ్చాయి, ఎనిమిది మందిమి సైకిళ్ల మీద సాగర్ వెళ్లి రావాలని అనుకున్నాం. అనుకున్నది అందరూ, ఏర్పాట్లు చేసింది నేను. ఎక్కడెక్కడ నీళ్లు దొరుకుతాయి, ఎక్కడ పంక్చర్ వేసేవాడున్నాడు, మొదటి రాత్రి సవారీ వాళ్ల ఊళ్లో బస, ఇదంతా పదకొండు పేజీలు రాసి దారపు ముడి వేసి సిద్ధం చేశాను. మా సూపరింటెండెంటు గారు మోకాళ్ల నొప్పుల వల్ల సైకిలు ఎక్కలేరు గాని, స్కూటరు మీద నీళ్ల డబ్బాతో వెనకే వస్తామన్నారు. ఆయన ఒకప్పుడు స్కౌటు. తన పాత ఇత్తడి విజిల్ ఒకటి జేబులోంచి తీసి సెక్షన్ అందరి ముందూ ఊపారు. "ముందు సైకిలు వాడి మెడలో ఇది ఉంటుంది. అతను ఊదితే ఆగాలి, మళ్లీ ఊదితే కదలాలి. అతన్ని దాటి ఎవరూ పోకూడదు. ఎవరి సైకిలు దూరప్రయాణానికి తగినట్టు తయారై ఉంటే వాళ్లకే ఇస్తాను. బయల్దేరే రోజు చూసి నిర్ణయిస్తాను."

పదకొండు పేజీలు రాసినవాణ్ని నేను. ఆ విజిల్ నాది కావాలి. కాని ఆ మాట అంటున్నప్పుడు సూపరింటెండెంటు గారి కళ్లు కిటికీలోంచి స్టాండు వైపు, ఆ కొమ్ముల మీదికి వెళ్లడం చూశాను. ఆ చూపుతో నాకు అన్నం సయించడం మానేసింది.

ముందు గ్రిప్పుల సంగతి తేల్చుకుందామని ఇంట్లో ప్రయోగాలు మొదలుపెట్టాను. హ్యాండిలు గొట్టానికి సరిగ్గా సమానమైన లావు మా ఇంట్లో ఒకే వస్తువుకు ఉంది. చపాతీల కర్ర. దానికి ఒకరోజు స్పాంజి, ఒకరోజు నవారు, ఒకరోజు పాత ట్యూబు చుట్టి, కుర్చీలో కూర్చుని, గడియారం ముందు పెట్టుకుని, ఒక్కోదాన్ని పావుగంట పట్టుకునేవాణ్ని. పట్టుకున్నాక ఏ వేలు ఏమంటోందో రాసుకునేవాణ్ని. మాకు పెళ్లై అప్పటికి ఏడాది కాలేదు. మా ఆవిడ రెండు రోజులు గుమ్మంలో నిలబడి చూసి ఊరుకుంది. మూడో రోజు చేతికి పిండితో వచ్చింది.

"ఏమండీ, మీ పరిశోధన అయ్యాక ఆ కర్ర ఇస్తే చపాతీలు చేస్తాను."

"ఇంకా ఏడు నిమిషాలుంది."

"పోనీ ఆ స్పాంజితోనే వత్తేస్తాను లెండి, మెత్తగా వస్తాయేమో."

చివరికి స్పాంజి నెగ్గింది. ఒక పొర బాగుంటే రెండు పొరలు ఇంకా బాగుంటాయని లెక్క వేసి, రెండు పొరలు వేయించాను. సవారీ నవారు కంటే నాది లావు. ఆ తృప్తి ఒక్క పూటే నిలిచింది, కొమ్ములు లేవు కనుక.

ఉస్తాద్ దగ్గరికి వెళ్లొచ్చు. వెళ్తే సవారీకి తెలుస్తుంది. తెలిస్తే, రిజిస్టర్ సవారీని చూసి చేయించుకున్నాడని సెక్షన్ అంతటికీ తెలుస్తుంది. అందుకని ఒక మధ్యాహ్నం, అందరూ టిఫిను డబ్బాలు విప్పుకునే వేళ, జేబులో దారం, స్కేలు, మా తమ్ముడి జామెట్రీ బాక్సులోని కోణమానిని పెట్టుకుని స్టాండుకు వెళ్లాను. సవారీ సైకిలు ముందు గొంతుక్కూర్చుని ఎడమ కొమ్ము కొలిచాను. తిన్నగా ముందుకు, కొంచెం పైకి ఉంది. కుడి కొమ్ము కొలిచాను. అది అలా లేదు. లోపలికి తిరిగి ఉంది, పైగా కిందికి వాలి ఉంది. పొరపాటేమో అని మళ్లీ కొలిచాను. పొరపాటు కాదు. ఇంత జాగ్రత్తగా చేయించుకున్నవాడు ఒక కొమ్ము ఒకలా, ఇంకోటి ఒకలా ఊరికే పెట్టుకోడు. రహస్యం దొరికిపోయింది. (ఆ రాత్రి దాని మీద డైరీలో మూడు పేజీల సిద్ధాంతం రాశాను. సాగర్ రోడ్డు ఎటెటు తిరుగుతుందో, ఏ గాలి ఎటునుంచి తగులుతుందో, అందువల్ల కుడి చేయి శరీరానికి దగ్గరగా ఎందుకు ఉండాలో అందులో వివరంగా ఉంది. ఇప్పటికీ చదివితే నిజమేననిపిస్తుంది.)

లేవబోతుంటే వెనక మా ముసలి అటెండరు నిలబడి ఉన్నాడు. "ఏం జేస్తున్నవ్ సారూ గీడ?"

"దుమ్ము... దుమ్ము తుడుస్తున్నా" అన్నాను. చేతిలో కోణమానిని ఉంది.

అతను నేరుగా వెళ్లి సవారీకి చెప్పాడు. అరగంట తిరక్కుండా సవారీ నా టేబులు దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "రిజిస్టరన్నా, నా సైకిల్ దుమ్ము తుడిచినవంట! మా తమ్ముడు గూడ గంత పని చెయ్యడు. పా, చాయ్ తాగుదాం" అని నాంపల్లిలో ఇరానీ హోటలుకు లాక్కుపోయి చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు. ఒకటి నాకు, ఒకటి తనకనుకున్నాను. రెండూ నా సాసరులోకే తోశాడు. జేబులో కొలతల కాగితం గుచ్చుకుంటుండగా రెండూ తిన్నాను. మరి అతని మీద అసూయ తగ్గిందా అంటే, లేదు. మనిషి ఇంత మంచివాడు కూడానా అని ఇంకాస్త పెరిగింది.

కాగితం పట్టుకుని ఎవరికీ తెలియని చోటని ఉస్మాన్‌గంజ్ వైపు వెళ్లాను. అక్కడొక సందులో కిటికీలకు గ్రిల్లులు, ఇళ్లకు గేట్లు చేసే ఆయన ఉండేవాడు. సైకిలు పని ఎప్పుడూ చేయలేదన్నాడు. నా కాగితం విప్పి చూశాక మాత్రం ఆయన ముఖం వెలిగిపోయింది. "సార్, ఇంజనీర్లు కూడా ఇంత సాఫ్‌గ గీయరు" అన్నాడు. నేను ఉప్పొంగిపోయాను. ఒక ప్రశ్న మాత్రం అడిగాడు: "కుడిది గిట్ల లోపటికే ఉండాల్నా?" "అక్కడే ఉందయ్యా అసలు సంగతి" అన్నాను. "మాకేంది సార్, కాగితంల ఎట్ల ఉంటే గట్ల" అని, నూలు వాసి తేడా లేకుండా చేసి, గ్రిల్లులకు వేసే వెండి రంగు కూడా వేసి ఇచ్చాడు. నేను వాటిని పట్టుకుని పది అడుగులు కూడా తొక్కి చూడలేదు. గుడ్డలో చుట్టి ఇంట్లో దాచాను, బయల్దేరే రోజు దాకా ఎవరూ చూడకూడదని.

ఆ రోజు తెల్లవారుతుండగా మొజంజాహీ మార్కెట్ గడియారం కింద అందరం కలిశాం. అందరూ నా సైకిలు చుట్టూ మూగారు. వెండి కొమ్ములు, రెండు పొరల స్పాంజి, వెనక పదకొండు పేజీల ప్రణాళిక. సవారీ కళ్లు పెద్దవి చేసి "అరె, అన్నా! నువ్వు గూడనా? బాగున్నయ్ పో!" అన్నాడు. ఆ గొంతులో అసూయ కోసం వెతికాను. ఏమీ దొరకలేదు, అదొక నిరాశ. సూపరింటెండెంటు గారు రెండు సైకిళ్ల చుట్టూ తిరిగి, నా స్పాంజి ఒకసారి నొక్కి, "ఇది ప్రిపరేషన్ అంటే" అని విజిల్ నా మెడలో వేశారు. ఇత్తడి చల్లగా తగిలింది. నా జీవితంలో పదోన్నతులు మూడు వచ్చాయి. వాటిలో ఏదీ అంత చల్లగా తగల్లేదు.

కోఠీ దాటేదాకా నేను రాజును. మలక్‌పేట దగ్గర కుడి మణికట్టు ఏదో అంది. పట్టించుకోలేదు. నగరం పలచబడేసరికి కుడి చిటికెన వేలు, ఉంగరం వేలు నా వెంట రావడం మానేశాయి. కుడి కొమ్ము పట్టుకుంటే మోచేయి పొట్టలో గుచ్చుకుంటోంది, భుజం చెవిదాకా లేస్తోంది. వదిలేసి గ్రిప్పు పట్టుకుందామంటే రెండు పొరల స్పాంజి చుట్టూ వేళ్లు కలవడం లేదు. దుంగను కావలించుకున్నట్టుంది. కలవని వేళ్లను కలపడానికి గట్టిగా బిగించడం, బిగించినకొద్దీ చేయి మొద్దుబారడం. ఇది అలవాటయ్యేదాకా ఉండే బాధ, సిద్ధాంతం సరైనదే అని పళ్లు బిగించి తొక్కాను. ఎడ్లబండి ఒకటి మమ్మల్ని దాటి పోయింది.

విజిల్ వాణ్ని దాటి ఎవరూ పోకూడదన్న నియమం ఉంది కదా. నా వెనక ఏడు సైకిళ్లు, వాటి వెనక ఒక స్కూటరు, మొత్తం ఊరేగింపులా సాగుతున్నాం. "రిజిస్టరన్నా, పెండ్లి బరాత్ పోతున్నమా?" అని వెనకనుంచి ఒకరు. "నిదానమే ప్రధానం, ప్రొసీడ్!" అని స్కూటరు మీదనుంచి సూపరింటెండెంటు గారు. ఇబ్రహీంపట్నం దగ్గర ఆగుదామని విజిల్ ఊదబోతే, దాన్ని నోటిదాకా తీసుకెళ్లడానికి చేయి లేవలేదు. ఆగవలసిన చోట ఆగకుండానే పోయాం. నా ప్రణాళిక నాలుగో పేజీ అలా వృథా అయింది.

యాచారంలో ఒక టీ కొట్టు ముందు కాళ్లే ఆగిపోయాయి. బెంచీ మీద కూలబడ్డాను. కొట్టాయన టీ గ్లాసు చేతికిచ్చాడు. కుడి చేత్తో అందుకున్నాననే అనుకున్నాను. గ్లాసు నా వేళ్ల మధ్యలోంచి నిశ్శబ్దంగా కిందికి పోయింది. రెండో గ్లాసు వచ్చింది. ఎడమ చేత్తో పట్టుకున్నాను. ఎదురుగా సవారీ కూడా ఎడమ చేత్తోనే తాగుతున్నాడు. తాగుతూ నన్నే చూస్తున్నాడు. లేచి నా సైకిలు దగ్గరికి వెళ్లాడు. కొమ్ములు పట్టుకు చూశాడు. ఒకసారి తన సైకిలు చూసి, మళ్లీ నాది చూసి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఏందన్నా గిది? కుడి కొమ్ము గిట్ల లోపటికెందుకు తిప్పించినవ్?"

"నీది కూడా అలాగే ఉంది కదా."

"నాదంటే నాది..." అని, కుడి చొక్కా చేయి గుండీ విప్పి మోచేతి దాకా మడిచాడు. మణికట్టు పైన ఎముక ఒక పక్కకు ఒరిగి అతుక్కుని ఉంది. అరచేయి లోపలికి, కొంచెం కిందికి తిరిగి ఉంది. సరిగ్గా నా కోణమానిని చెప్పినంతే. "చిన్నగున్నప్పుడు ఎడ్లబండి మీదికెళ్లి పడ్డ. కట్టు కట్టినాయన వంకర కట్టిండు. గీ చెయ్యి సక్కగ తిరగదు. చెయ్యి కొమ్ము కాడికి పోదని, ఉస్తాద్ కొమ్మునే చెయ్యి కాడికి తెచ్చిండు. నీ చెయ్యి గూడ ఇరిగిందా?"

"లేదు."

"మరి?"

చెప్పడానికి మూడు పేజీల సిద్ధాంతం ఉంది గాని, ఆ చేతి ముందు అది నోట్లోంచి రాలేదు. సవారీ కాసేపు నా ముఖమే చూశాడు. ఏదో లెక్క కడుతున్నాడు. ఉన్నట్టుండి అతని పెదవులు వణికాయి. "అంటే... ఆనాడు నువ్వు దుమ్ము తుడిచింది..." అన్నాడు. వాక్యం పూర్తి చేయలేదు. బెంచీ మీదనుంచి జారి నేలమీద కూర్చుని, కడుపు పట్టుకుని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వాడు. "ఏమిటయ్యా జోకు?" అని సూపరింటెండెంటు గారు అటునుంచి కేకేశారు. నాకు ప్రాణం పోయింది. అందరి ముందూ చెప్పేస్తాడు, ఇక నాంపల్లిలో తల ఎత్తుకోలేను.

సవారీ కళ్లు తుడుచుకుని లేచాడు. "ఏం లేదు సార్. అన్న సైకిల్‌కు నట్టు లూజయింది. పది నిమిషాలల్ల సెట్ చేస్త" అన్నాడు.

సీటు కింద సంచిలోంచి పానా తీసి కొమ్ములు వదులు చేశాడు. నన్ను సైకిలెక్కి కూర్చోమని, ముందు చక్రం తన మోకాళ్ల మధ్య పట్టుకున్నాడు. "కండ్లు మూస్కో. చేతులు వదిలెయ్. ఇగ తెల్లారుగట్ల నిద్రల దుప్పటి కోసం చెయ్యి చాపినట్టు చాపు." చాపాను. చేతులు ఎక్కడ పడ్డాయో అక్కడికి కొమ్ముల్ని తిప్పి బిగించాడు. తరువాత నా స్పాంజి చూసి "దిండు పట్కొని తొక్కుతున్నవా అన్నా?" అని రెండు పొరలూ పీకేసి, నా భుజం మీది తువ్వాలు రెండుగా చింపి గ్రిప్పులకు బిగించి చుట్టాడు. ఇదంతా ఆ వంకర చేయి పట్టి ఉంచితే, ఎడమ చేయి చేసింది. రెండేళ్లు పక్క టేబులు దగ్గర కూర్చుని, ఆ చేయి ఎలా పని చేస్తుందో నేను మొదటిసారి చూడడం అప్పుడే. హ్యాండిలును మాత్రం సెంటీమీటర్లలో చూశాను.

విజిల్ తీసి అతని మెడలో వేశాను. వద్దంటాడేమోనని ఒక చిన్న ఆశ. (ఇది డైరీలో ఉంది, కనుక దాచలేను.) వద్దనలేదు. "ఔ, గిది కూడా చూస్త" అని వేసుకుని, అక్కడి నుంచి మాల్ దాకా ఎదురొచ్చిన గొర్రెకీ గేదెకీ కూడా ఊదుకుంటూ పోయాడు. సూపరింటెండెంటు గారు చెవుల్లో దూది పెట్టుకున్నారు. నేను రెండో సైకిలు. చేతులు హాయిగా ఉన్నాయి. ఎంత గట్టిగా ఊదుతున్నాడో, నేనైతే అంత గట్టిగా ఊదగలిగేవాణ్నా అని ఆలోచిస్తూ తొక్కాను.

సవారీ ఆ సంగతి సెక్షన్లో ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో నేనే చెప్పాను, చేతులకు ఉప్పుకాపడం పెట్టించుకుంటూ. మా ఆవిడ అంతా విని, "పులిని చూసి..." అని మొదలుపెట్టి, కట్టుకున్నవాడినన్న గౌరవంతో అక్కడే ఆగిపోయింది. నక్క వాతల సంగతి మిగతా సగం నేనే డైరీలో పూర్తి చేశాను.

ఇక ఆ కొలత ఇప్పుడెందుకు కావలసి వచ్చిందంటే, ఈ వర్షాకాలంలో స్నానాల గదిలో జారిపడ్డాను. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు సిమెంటు కట్టు. ఆరు వారాలూ ఎడమ చేత్తో టీ తాగాను, ఎడమ చేత్తో డైరీ రాశాను. ఎవరూ నాది ఠీవి అనుకోలేదు. కట్టు విప్పాక చూస్తే చేయి కొంచెం లోపలికి తిరిగి ఉంది. ఈ వయసులో ఇంతకన్నా సరి కాదు, కదుపుతూ ఉండండి అన్నాడు డాక్టరు. నా అరవయ్యో పుట్టినరోజుకు మా అమ్మాయి కొనిచ్చిన దూరప్రయాణాల సైకిలు అప్పటికి నాలుగు నెలలుగా వరండాలో నన్నే చూస్తోంది.

డైరీ చంకలో పెట్టుకుని, సైకిలు నడిపించుకుంటూ ఆబిడ్స్‌లో ఒక పెద్ద సైకిలు షాపుకు వెళ్లాను. గోడ నిండా గ్రిప్పులే. అక్కడున్న అమ్మాయి ఒక్కొక్కటే తీసి చూపించింది. "ఇది జెల్, అంకుల్. ఇది కార్కు, చెమట పట్టదు. దీనికి చూడండి, పక్కకు రెక్కలా ఉంది, అరచేతి అంచు దీని మీద ఆనుతుంది. బరువంతా మణికట్టు మీద పడదు." ఒక్కోదాన్ని పట్టుకుని గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. "బెండకాయల్లాగా తుంచి చూసేట్టున్నారే అంకుల్" అని నవ్వింది. చపాతీల కర్ర గుర్తొచ్చి నేనూ నవ్వాను. లావువి పక్కన పెట్టేశాను. వేళ్లు కలిసేంత సన్నం, రెక్క ఉన్నది ఎంచుకున్నాను. కొమ్ములు కూడా ఒక జత తీసుకుని, అవి బిగించే వేళకు డైరీ విప్పి ఆ పేజీ చూపించాను.

ఆ అమ్మాయి బొమ్మ చూసి, నా వంక చూసి, "ఒకసారి చెయ్యి ఇవ్వండి అంకుల్" అంది. ఇచ్చాను. మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసి, కొమ్ము వదులు చేసి, చేతి ప్రకారమే పెట్టి బిగించింది. పేజీ పక్కన పెట్టి చూశాం. కుడి కొమ్ము కొంచెం లోపలికి, కొంచెం కిందికి. నూలు వాసి తేడా లేదు.

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ దాకా తొక్కాను. చేయి నొప్పి లేదు. స్టేషన్ ముందు దిగి సవారీకి ఫోను చేశాను. రిటైరయ్యాక అతను ఊళ్లోనే బత్తాయి తోట చూసుకుంటున్నాడు.

"ఇప్పుడు సరిపోయిందయ్యా" అన్నాను.

"ఏంది సరిపోయింది?"

"నీ కుడి కొమ్ము."

చేయి సంగతి చెప్పాను. తరువాత యాచారం టీ కొట్టు ముందు విన్న నవ్వే మళ్లీ వినపడింది, కాకపోతే మధ్యలో దగ్గు కలిసింది. "నన్ను అందుకోనీకి ముప్పై ఏండ్లు పట్టిందా అన్నా! జర పైలం, చెయ్యి జాగ్రత్త. విజిల్ ఇంకా నా తాననే ఉన్నది. పెద్దసారు మల్ల అడగనే లేదు. నువ్వు మాల్ దాక తొక్కుకుంట వస్తే ఇచ్చేస్త."

వస్తానన్నాను. ఎంత దూరమో, ఎక్కడెక్కడ ఆగాలో ఆలోచిస్తూ సంతోషంగా ఫోను పెట్టేయబోతున్నాను. అంతలో "నేను ఎదురొస్త తియ్యి, కొత్తగ బ్యాటరీ సైకిల్ తీస్కున్న. ఎత్తు మీద తొక్కుడే లేదు, గదే పోతది" అన్నాడు.

వద్దు, అడగవద్దు అనుకున్నాను. అరవై దాటినవాణ్ని, ఎముక విరిగి అతికినవాణ్ని, మంచి గ్రిప్పులు అరచేతి కిందే ఉన్నాయి. డైరీ తెరిచి సీటు మీద పెట్టుకుని, జేబులోంచి పెన్ను తీశాను.

"దానికి గ్రిప్పులు ఏ రకం వేయించావు?" అన్నాను.